గడప లోపలి స్వేచ్ఛ, గోడ అవతలి నెమ్మది

పల్లెలో సొంత స్థలంలో ఇల్లు కట్టుకున్న కుటుంబానికి పట్టణపు అపార్ట్‌మెంటులో కాపురముండే కుటుంబానికి లేని వెసులుబాట్లు అనేకం ఉంటాయి. పెరట్లో బోరు వేసుకోవడం, గొడ్లను కట్టేసుకోవడం, కోళ్లను పెంచుకోవడం, కోతలయ్యాక గడ్డివాము వేసుకోవడం, శుభకార్యానికి వాకిట్లోనే పందిరి వేసి ఊరందరికీ భోజనాలు పెట్టడం వంటివన్నీ ఎవరినీ అడగనక్కరలేని పనులని పల్లె ప్రజలు తరతరాలుగా భావిస్తూ వచ్చారు. అయితే ఇరుగుపొరుగుల మధ్య రేగే తగాదాల్లో చాలావాటికి మూలం ఈ వెసులుబాట్లలోనే ఉంటుంది. మోటారు రాత్రంతా మోగుతుంది. గొడ్లసావిడి మురుగు పక్కింటి వాకిట్లోకి పారుతుంది. గడ్డివాముకు నిప్పంటుకుంటే ఆ మంట ఒక్క వాముతో ఆగదు. పందిట్లో పెట్టిన డీజే మోతకు ఆ వీధిలోని పసిబిడ్డలూ గుండెజబ్బు ఉన్న వృద్ధులూ తెల్లవార్లూ మేలుకొని ఉండవలసి వస్తుంది.

ఇంటి యజమాని స్వేచ్ఛను అతని స్థలం ఎన్ని గజాలన్నదానితో కాక, ఆ స్థలపు హద్దు దాటి అవతలికి ఏమేమి పోతున్నాయన్నదానితో కొలవాలన్నది ఈ అధ్యాయం ప్రతిపాదించే సూత్రం. శబ్దం, పొగ, వాసన, నీరు, నిప్పు, జంతువు, చూపు అనే ఏడింటికీ దస్తావేజులో రాసుకున్న హద్దులతో పనిలేదు. వీటిని తన హద్దులోనే నిలుపుకోగలిగిన యజమానికి ఇంటి స్వేచ్ఛ దాదాపు పూర్తిగా దక్కుతుంది. నిలుపుకోవడానికి ప్రయత్నమైనా చేయని యజమాని, తన ఇంట్లో ఏం జరగాలో నిర్ణయించే అధికారాన్ని చేజేతులా పోలీసులకో తహసీల్దారుకో న్యాయస్థానానికో అప్పగించినవాడవుతాడు.

ఆస్తి హక్కు ఎక్కడ ఆగుతుంది

తన స్థలంలో తాను ఏమైనా చేసుకోవచ్చునన్న వాదనకు చట్టంలో ఎంత ఆధారం ఉందో ముందుగా తెలుసుకోవడం అవసరం. రాజ్యాంగం మొదట ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చినా, 1978లో వచ్చిన 44వ సవరణ దానిని ఆ జాబితా నుంచి తొలగించి 300ఎ అధికరణం కింద ఉంచింది. చట్టబద్ధమైన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోరాదని ఆ అధికరణం చెబుతుంది. అంటే అది ప్రభుత్వం అన్యాయంగా ఆస్తిని లాక్కోకుండా అడ్డుపడుతుందే తప్ప, యజమాని తన ఆస్తిని పొరుగువారికి హాని కలిగేలా వాడుకోవచ్చునని ఎక్కడా అనదు. మరోవైపు, 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో ప్రశాంతమైన, కాలుష్యం లేని పరిసరాల్లో బతికే హక్కు కూడా ఇమిడి ఉందని సుప్రీంకోర్టు పలుమార్లు వివరించింది. శబ్దకాలుష్యంపై 2005 జూలై 18న ఇచ్చిన తీర్పులో, మాట్లాడే స్వేచ్ఛ ఉన్నవారికి ఇష్టం లేనివారి చెవుల్లో బలవంతంగా శబ్దాన్ని నింపే స్వేచ్ఛ లేదని ఆ న్యాయస్థానం స్పష్టం చేసింది.

ఈ భావన కొత్తగా వచ్చినది కాదు. మొదటినుంచే మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే నేటి కోస్తా, రాయలసీమ ప్రాంతాలకు కూడా వర్తించిన 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం, తన 7వ సెక్షనులో ఇంటి యజమానికి సహజంగా ఉండే హక్కులను ఉదాహరణలతో వివరించింది. తన ఇంటిపై వీచే గాలిని ఇతరులు అసమంజసంగా చెడగొట్టకుండా ఉండే హక్కు, ఇతరులు చేసే శబ్దం వల్లగానీ ప్రకంపనల వల్లగానీ తన దేహసౌఖ్యానికి తీవ్రమైన భంగం కలగకుండా ఉండే హక్కు, తన నేలకు పక్క నేల సహజంగా ఇచ్చే ఆనుదల పోకుండా ఉండే హక్కు వాటిలో ఉన్నాయి. పునాది కోసం హద్దు అంచున లోతుగా తవ్వి పక్కవారి నేలను కుంగి జారేలా చేసినవాడు, తవ్వినది తన నేలలోనే అయినా, ఈ చివరి హక్కును కాలరాసినట్లే అవుతుంది.

ఇదే చట్టానికి పేరు తెచ్చిన ఈజ్‌మెంటు అనే భావనను గ్రామస్థులు తప్పక అర్థం చేసుకోవాలి. ఒకరి స్థలాన్ని అనుభవించడానికి వేరొకరి స్థలంపై ఉండే పరిమితమైన హక్కును ఈజ్‌మెంటు అంటారు. పక్కవారి సందులోంచి నడిచే దారి, పక్కవారి వైపు నుంచి కిటికీలోకి వచ్చే వెలుతురు, చూరు నీళ్లు పడే జాగా ఇందుకు ఉదాహరణలు. ఇరవయ్యేళ్లపాటు శాంతియుతంగా, బహిరంగంగా, అంతరాయం లేకుండా, హక్కుగా అనుభవించినప్పుడు దారి, వెలుతురు వంటి సౌకర్యాలు స్థిరమైన హక్కులుగా మారతాయి. అయితే యజమాని అనుమతితో, అతని మంచితనం మీద ఆధారపడి అనుభవించినది ఈ లెక్కలోకి రాదు. కాబట్టి పక్కవారిని తన సందులోంచి నడవనిచ్చే యజమాని, అది తాను ఇష్టపూర్వకంగా ఇచ్చిన అనుమతి అని ఒక చిన్న కాగితం రాయించి ఇద్దరి సంతకాలూ పెట్టించుకుంటే, హక్కు పోతుందన్న భయంతో సందుకు అడ్డంగా గోడ కట్టవలసిన అగత్యం అతనికి ఉండదు. కాగితం రాయించుకోవడం అపనమ్మకానికి గుర్తని పల్లెల్లో చాలామంది నొచ్చుకుంటారు గానీ, నిజానికి రెండు తరాల తర్వాత కూడా మంచితనం మంచితనంగానే మిగలడానికి అదే తోడ్పడుతుంది.

హక్కు నిజంగానే ఉన్నవారు సైతం గమనించవలసిన నియమం మరొకటి ఉంది. తన ఈజ్‌మెంటుకు అడ్డుగా ఎవరైనా గోడ కట్టినప్పుడు దానిని తానే పడగొట్టరాదని ఆ చట్టంలోని 36వ సెక్షను నిషేధిస్తుంది. గడ్డపారతో వెళ్లినవాడు, అంతవరకు న్యాయం తన వైపే ఉన్నా, ఆ క్షణం నుంచి ముద్దాయిగా నిలబడవలసి వస్తుంది.

సహించదగినది, సహించరానిది

పొరుగున మనుషులు ఉన్నప్పుడు కొంత చప్పుడు, కొంత వాసన, కొంత అసౌకర్యం తప్పవు. వాటిలో సహజమైనవాటినీ సహించరానివాటినీ వేరుచేయడానికి న్యాయశాస్త్రం న్యూసెన్స్ అనే భావనను వాడుతుంది. ఒక వ్యక్తి తన స్థలాన్ని వాడుకునే తీరు వల్ల పొరుగువారు తమ స్థలాన్ని అనుభవించడంలో అసమంజసమైన ఆటంకం కలిగితే అది వ్యక్తిగత న్యూసెన్స్; ఊరిలోని సాధారణ ప్రజలకు, అంటే వీధిలో నడిచేవారికీ చుట్టుపక్కల ఉండేవారికీ సమష్టిగా హాని కలిగితే అది ప్రజా న్యూసెన్స్. ఈ అసమంజసత్వాన్ని తూచడానికి ప్రాంత స్వభావం, తీవ్రత, వేళ, ఎంత తరచుగా జరుగుతుందన్నది, వెనకనున్న ఉద్దేశం, సులువుగా తప్పించగలిగేదా కాదా అన్న ఆరు అంశాలు ఉపయోగపడతాయి.

ప్రాంత స్వభావం పల్లెలో ప్రత్యేకమైన బరువు కలిగిన అంశం. హైదరాబాదు చుట్టుపక్కల మొయినాబాదు, శంకర్‌పల్లి, శామీర్‌పేట వంటి చోట్ల పట్టణవాసులు ఫాంహౌసులు కట్టుకుంటున్న కొద్దీ, తరతరాలుగా అక్కడే ఉన్న రైతు కుటుంబాలకూ కొత్తగా వచ్చిన యజమానులకూ మధ్య రెండు రకాల ఘర్షణ కనిపిస్తుంది. తెల్లవారుజామున కోడి కూయడం, పేడ వాసన రావడం, కోతల రోజుల్లో హార్వెస్టరు మోగడం కొత్తవారికి ఇబ్బంది కావచ్చు గానీ, అవి ఆ ఊరి జీవనాధారంలో భాగం కాబట్టి వాటిని సహించవలసిన బాధ్యత వచ్చినవారిదే. ఫ్రాన్సులో ఒలెరాన్ ద్వీపంలోని మోరిస్ అనే కోడిపుంజు కూతపై పొరుగింటివారు వేసిన దావాను 2019లో న్యాయస్థానం కొట్టివేయగా, గ్రామీణ ప్రాంతాల సహజమైన శబ్దాలనూ వాసనలనూ వారసత్వ సంపదగా గుర్తిస్తూ 2021 జనవరిలో ఆ దేశం ఏకంగా ఒక చట్టమే చేసింది. అయితే వారాంతంలో ఫాంహౌసులో అర్ధరాత్రి దాకా మోగే స్పీకర్లకు ఈ రక్షణ వర్తించదు, ఎందుకంటే అవి ఆ ప్రాంతపు సహజ జీవనంలో భాగం కావు. చుట్టూ పొలాలు ఉన్నంత మాత్రాన అక్కడ మనుషులు నిద్రపోవడం లేదని అనుకోరాదు.

చాలాకాలంగా చేస్తున్నామన్నది మరో సాధారణ సమర్థన. 1879లో ఇంగ్లండులో తీర్పు వచ్చిన స్టర్జెస్, బ్రిడ్జ్‌మన్ వ్యాజ్యంలో ఒక మిఠాయి తయారీదారు ఇరవయ్యేళ్లకు పైగా పెద్ద రోళ్లను వాడుతుండగా, పక్కనున్న వైద్యుడు తన పెరటి చివర రోగులను చూసే గది కట్టుకున్నాక ఆ చప్పుడు భరించలేనిదైంది. రోళ్లు ముందునుంచీ ఉన్నాయన్న వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. ఇబ్బంది మొదలైన నాటి నుంచే కాలాన్ని లెక్కించాలని చెప్పింది. పిండిమర అయినా, వెల్డింగు షాపు అయినా, చుట్టూ ఇళ్లు పెరిగాక పాత అలవాట్లను మార్చుకోవలసిన అవసరం రావచ్చునన్నది దీని సారాంశం.

ఉద్దేశం ఎంత ముఖ్యమో 1936 నాటి హాలీవుడ్ సిల్వర్ ఫాక్స్ ఫార్మ్ వ్యాజ్యం తెలియజేస్తుంది. ఇంగ్లండులోని ఒక పల్లెలో వెండి నక్కలను పెంచే ఫారం పక్కనున్న భూయజమాని, వాటి సంతానోత్పత్తి చెడగొట్టాలనే కక్షతో తన స్థలంలోనే, హద్దుకు దగ్గరగా తుపాకులు పేలిపించాడు. సొంత భూమిలో తుపాకి పేల్చడం అతనికి మామూలుగా ఉన్న హక్కే అయినా, కక్షతో చేసినందువల్ల అది న్యూసెన్స్ అయిందని న్యాయస్థానం తేల్చింది. పక్కవారిని ఏడిపించడానికే పెంటకుప్పను వారి వంటగది కిటికీ ఎదుట వేయడం, వారి ఇంట్లో చావు జరిగిన రోజున పాటలు పెట్టడం వంటి పనులకు స్వేచ్ఛ అన్న పేరు చెల్లదు.

భద్రత: ప్రమాదం హద్దు దాటకముందే

శబ్దమో వాసనో మనశ్శాంతిని హరిస్తే, నీరు, నిప్పు, విద్యుత్తు, గొయ్యి, జంతువు ప్రాణాలనే హరించగలవు కాబట్టి వీటి విషయంలో పొరుగువారి ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా యజమాని తానే ముందుగా జాగ్రత్తపడాలి.

ప్రమాదకరమైన వస్తువును తన స్థలంలో పోగుచేసినవాడు అది తప్పించుకుపోయి కలిగించే నష్టానికి బాధ్యుడన్న సూత్రాన్ని 1868లో ఇంగ్లండులోని రైలాండ్స్, ఫ్లెచర్ వ్యాజ్యం స్థిరపరచింది. అక్కడ ఒక మిల్లు యజమాని కట్టించిన జలాశయం నుంచి నీరు పొరుగువారి బొగ్గు గనుల్లోకి చేరింది. అదే సూత్రం తెలుగు నేలకు వచ్చినప్పుడు 1874లో ప్రివీ కౌన్సిల్ దానికి ఒక పరిమితి పెట్టింది. కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి మద్రాసు రైల్వే కంపెనీకి నష్టం జరిగిన ఆ వ్యాజ్యంలో, ఈ దేశంలో చెరువులు ప్రజల బతుకుకు అత్యవసరమైనవి గనుక, వాటి సంరక్షణ జమీందారు విధి గనుక, నిర్లక్ష్యం రుజువైతేనే అతనిని బాధ్యుడిని చేయవచ్చునని తీర్పు వచ్చింది. ఈ రెండు తీర్పులనూ కలిపి చదివితే నేటి ఇంటి యజమానికి ఒక స్పష్టమైన గీటురాయి దొరుకుతుంది: ఊరికి అవసరమైన పని చేసేవాడు జాగ్రత్తగా చేస్తే చాలు, కేవలం తన సౌకర్యం కోసం ప్రమాదాన్ని తెచ్చిపెట్టుకున్నవాడు దాని పర్యవసానాలన్నింటికీ సిద్ధపడాలి.

నీటి విషయంలో మొదట చూడవలసింది మరుగుదొడ్డికీ తాగునీటి బావికీ మధ్య దూరం. మరుగు ట్యాంకు నుంచి వచ్చే నీటిని నేలలోకి ఇంకించే గుంత తాగునీటి వనరుకు కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని భారతీయ ప్రమాణాలు సూచిస్తున్నాయి. ఇరుకైన గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలాల పరిధిలో, ఈ దూరాన్ని తన స్థలంలోని బావి నుంచి మాత్రమే కొలిచి పక్కింటి బావిని మరిచిపోవడం తరచుగా జరిగే పొరపాటు. మట్టిలో ఇంకే మురుగు ఎవరి దస్తావేజునూ చదవదు గనుక, గుంత తవ్వే ముందు నాలుగు వైపులా ఉన్న బావులనూ బోర్లనూ లెక్కలోకి తీసుకోవాలి. డాబా నుంచి పడే వాన నీరు కూడా సొంత స్థలంలోనే పడేలా గొట్టాలు అమర్చడం ఇల్లు కట్టేవారి కనీస మర్యాద.

ఎండిపోయిన బోరు మరో ప్రాణాంతకమైన నిర్లక్ష్యం. బోరు గుంతల్లో పసిపిల్లలు పడిపోతున్న విషాదాల నేపథ్యంలో 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, బోరు వేయడానికి 15 రోజుల ముందు సంబంధిత అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి, పని జరుగుతున్నంతసేపూ చుట్టూ ముళ్లకంచె వేయాలి, నీరు పడని బోరును అడుగు నుంచి నేల మట్టం వరకు మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. పైన ఒక గోనెసంచి కప్పి రాయి పెట్టడం పూడ్చడం కాదు.

విద్యుత్తు విషయంలో ఉతికిన బట్టలు ఆరేసుకునే ఇనుప తీగ దండెం అతి సామాన్యంగా కనిపించే ప్రమాదం. సర్వీసు వైరు పొర చెడిన చోట ఆ తీగకు తగిలితే దండేనికంతటికీ కరెంటు వచ్చి, తడిబట్ట వేసిన మనిషీ ఆ మనిషిని లాగబోయిన మరో మనిషీ కూడా ప్రాణాలు కోల్పోయే పరిస్థితి ఏర్పడుతుంది. దండేనికి ప్లాస్టిక్ తాడు వాడడం, ఇంటికి ఎర్తింగు సరిగా ఉందో లేదో చూసుకోవడం, కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపే పరికరాన్ని మీటరు దగ్గర పెట్టించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. పై అంతస్తు వేసేవారు 11 కేవీ లైనుకు నిలువుగా 3.7 మీటర్లు, అడ్డంగా 1.2 మీటర్ల ఎడం తప్పక ఉంచాలి. కోతులూ పందులూ రాకుండా పెరటి కంచెకు నేరుగా కరెంటు పెట్టడం మాత్రం ఏ కారణంతోనూ సమర్థించదగినది కాదు. దానికి మొదట బలయ్యేది బంతి కోసం వచ్చే పక్కింటి పిల్లవాడు కావచ్చు.

గడ్డివామును వంటశాలకూ కరెంటు తీగలకూ, గాలివాలున ఉన్న ఇళ్లకూ దూరంగా వేయడం, చెత్తను ఎండాకాలం మధ్యాహ్నపు వేళ కాల్చకపోవడం పాత తరం రైతులు పాటించిన జాగ్రత్తలే. పెంపుడు జంతువుల వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడాన్ని 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను శిక్షార్హమైన నేరంగా పరిగణిస్తుంది. వీధిలో పోయేవారిని కరిచే కుక్కను గేటు లోపల కట్టకుండా వదిలేసి, అది ఇంటికి కాపలా అని చెప్పుకోవడం చట్టం ముందు నిలబడదు.

నెమ్మది: చెవికి, ముక్కుకు, చాటుకు

శబ్దకాలుష్య నియంత్రణ నియమాలు 2000 సంవత్సరం నుంచి అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్దం పగటిపూట 55, రాత్రిపూట 45 డెసిబెళ్లు దాటరాదు. శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణాన్ని డెసిబెల్ అంటారు, ఈ కొలమానంలో పది పెరిగిన ప్రతిసారీ శబ్దశక్తి పది రెట్లవుతుంది. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. పండుగల సందర్భంగా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, అది ఏడాదిలో 15 రోజులకు మించరాదు. పెళ్లి ఊరేగింపునకు గ్రామంలో అందరూ సంతోషంగా ఒప్పుకున్నారన్నది ఈ నియమాలకు మినహాయింపు కాదు గానీ, మోతను పదింటికి ఆపి, ఆ తర్వాత సన్నాయి మేళాన్ని పందిరి లోపలికి పరిమితం చేసిన కుటుంబంపై ఫిర్యాదు చేయాలని పొరుగువారికి అనిపించే సందర్భం చాలా అరుదు.

వాసన విషయంలో ఇంటి అవసరానికి పెంచుకునే పశువులకూ వ్యాపారంగా నడిపే కోళ్ల ఫారానికీ మధ్య గీత గీయాలి. పెద్ద కోళ్ల ఫారాలు నివాస ప్రాంతాలకు 500 మీటర్ల దూరంలో ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు చెప్పడానికి కారణం వాసన ఒక్కటే కాదు. తడిసిన కోళ్ల ఎరువులో ఈగలు విపరీతంగా పెరిగి, చుట్టుపక్కల ఇళ్లలో అన్నం విస్తరి ముందు కూర్చోలేని పరిస్థితి తెస్తాయి. ఎరువును పొడిగా ఉంచడం, ఎప్పటికప్పుడు తరలించడం, నీటి గొట్టాల లీకులను వెంటనే బాగుచేయడం ద్వారా ఫారం యజమాని తన వ్యాపారాన్ని, పొరుగువారి భోజనాన్ని ఒకేసారి కాపాడగలడు.

చూపు కూడా హద్దు దాటుతుందన్నది చాలామందికి తోచని విషయం. ఒక ఊరి ఆచారం ప్రకారం పొరుగువారి చాటుకు భంగం కలిగేలా కొత్త కిటికీ తెరవరాదన్న నియమాన్ని 1882 చట్టమే 18వ సెక్షనులో ఆచారసిద్ధమైన ఈజ్‌మెంటుకు ఉదాహరణగా పేర్కొంది. స్నానాలు, బట్టలుతకడం పెరట్లోనే జరిగే ఇళ్లవైపు మేడ మీద కిటికీ పెట్టడం, సీసీ కెమెరాను పక్కింటి వాకిలి కనిపించేలా తిప్పడం ఆ ఇంటి ఆడవారి రోజువారీ కదలికలను బంధిస్తాయి. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన తర్వాత, తన భద్రత కోసం కెమెరా పెట్టుకున్న యజమాని దానిని తన గేటుకూ వీధికీ పరిమితం చేయడం వివేకం.

మాట కదిపే పద్ధతి

ఇబ్బంది కలిగినప్పుడు నేరుగా ఫిర్యాదు చేయడం కంటే ముందుగా మాట్లాడడం మేలని అందరూ అంటారు గానీ, ఎలా మాట్లాడాలో తెలియక చాలా మాటలు తగాదాలుగా ముగుస్తాయి. ఇబ్బంది జరుగుతున్న వేళ కాక, రెండు ఇళ్లవారూ తీరికగా ఉన్న మరొక వేళను ఎంచుకోవాలి. మనిషి స్వభావాన్ని గురించి కాక, జరిగిన సంగతిని గురించి, వేళతో సహా చెప్పాలి. కోరే మార్పు చిన్నదిగా, కొలవగలిగేదిగా ఉండాలి. “మీకు పక్కవాళ్లంటే లెక్కే లేదు” అన్న మాటకు పోట్లాట తప్ప వేరే జవాబు ఉండదు, “బాబాయ్, మోటారు రాత్రి పదింటికి ఆపి పొద్దున అయిదింటికి వేస్తే మా అమ్మకు నాలుగు గంటలు నిద్ర పడుతుంది, నీళ్లు ఎప్పుడు వదిలినా మీ మడికి సరిపోతాయా?” అన్న మాటకు సరేననో, కరెంటు రాత్రే ఇస్తున్నారనో జవాబు వస్తుంది. రెండో జవాబు వచ్చినా, మోటారు కింద రబ్బరు దిమ్మలు వేయడం, చుట్టూ చిన్న గది కట్టడం వంటి మరో దారి గురించి ఇద్దరూ ఆలోచించే వీలుంటుంది.

ఫిర్యాదు విన్నవారికి కూడా ఒక క్రమశిక్షణ అవసరం. వెంటనే సమర్థించుకోకుండా పక్కింటికి వెళ్లి, వారి పడకగదిలో కూర్చొని ఆ శబ్దాన్ని తానే వినడం, వారి వాకిట్లో నిలబడి ఆ వాసనను తానే పీల్చడం వంద వాదనల కంటే ఎక్కువ నేర్పుతుంది.

పొరుగువారు ఏమీ అనలేదన్నది వారి అంగీకారానికి రుజువు కాదన్న సంగతిని పల్లెల్లో మరింత శ్రద్ధగా గుర్తుంచుకోవాలి. కులం, భూమి, అప్పు, కూలి పని అనే బంధాల వల్ల చిన్న ఇంటివారు పెద్ద ఇంటివారి మీద నోరు విప్పలేని పరిస్థితి ఇప్పటికీ ఉంది. షెడ్యూల్డ్ కులాల, తెగల వారి ఇంటి ఆవరణలోగానీ ప్రవేశం వద్దగానీ మురుగు, మలం, కళేబరాలు వంటివి పారబోయడాన్ని 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ప్రత్యేకంగా నేరమని ప్రకటించవలసి వచ్చిందంటే, ఆ మౌనం వెనక ఎంత బాధ దాగి ఉందో గ్రహించవచ్చు. బలమున్న యజమాని పొరుగువారు అడిగే వరకు ఆగకుండా, ఇబ్బంది ఏమైనా ఉందా అని తానే అడగడం న్యాయం.

మాటతో తీరనప్పుడు

మాటలతో తీరని సమస్యకు పెద్దమనుషుల సమక్షంలో రాజీ ప్రయత్నం ఉపయోగపడుతుంది. అయితే గ్రామ పెద్దలకుగానీ గ్రామాభివృద్ధి కమిటీలకుగానీ జరిమానా విధించే అధికారం, ఒక కుటుంబాన్ని వెలివేసే అధికారం లేవు. కుదిరిన ఒప్పందాన్ని తేదీతో కాగితంపై రాసుకోవాలి. మురుగుకాలువ, వీధి ఆక్రమణ, అనుమతిలేని కట్టడం వంటి విషయాలపై పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి అందినట్టు రసీదు తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1994 నాటి, తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టాలు పారిశుద్ధ్యాన్ని గ్రామ పంచాయతీ బాధ్యతగా చేశాయి. రాత్రివేళ లౌడ్‌స్పీకరు మోతకు 112కు ఫోను చేయవచ్చు.

పడిపోయేలా ఉన్న గోడ లేక చెట్టు, కంచెలేని బావి, ఊరి ఆరోగ్యాన్ని చెడగొట్టే వ్యాపారం వంటి ప్రజా న్యూసెన్స్‌ను తొలగించమని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, ప్రత్యేకంగా అధికారమిచ్చిన ఇతర కార్యనిర్వాహక మేజిస్ట్రేట్లకు ఉంది. ఈ సంహితకు ముందున్న పాత చట్టంలోని ఇదే అధికారాన్ని ఆధారం చేసుకొని, 1980లో రత్లాం పురపాలక సంఘం వ్యాజ్యంలో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, డబ్బు లేదన్న సాకుతో మురుగు సమస్యను వదిలేయడం కుదరదని తేల్చిచెప్పారు. ఇబ్బంది ఒక్క ఇంటికే పరిమితమైనప్పుడు సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే ఆ పని చేయవద్దని లేక చేసినదాన్ని సరిచేయమని ఆదేశించే ఉత్తర్వు, కోరవచ్చు. కోర్టుకు వెళ్లే ముందే 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మండల లేక జిల్లా స్థాయి సంస్థకు దరఖాస్తు చేసి లోక్ అదాలత్‌లో రాజీపడే మార్గం కూడా ఉంది. అక్కడి అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. మహిళలకు, షెడ్యూల్డ్ కులాల, తెగల వారికి, వికలాంగులకు ఈ చట్టం ఉచిత న్యాయసహాయం అందిస్తుంది. ఏ దారి ఎంచుకున్నా తేదీ, వేళ రాసిపెట్టుకున్న నోటుపుస్తకం, వీడియోలు, నీటి పరీక్ష ఫలితం, ఇచ్చిన దరఖాస్తుల నకళ్లు సాక్ష్యంగా నిలుస్తాయి.

ఆచరణ

ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, కోతల తర్వాత ఒకసారి, ఇంటి యజమాని తన హద్దు చుట్టూ తిరిగి కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఈ స్థలం నుంచి నీరు ఎటు పోతోంది, ఎవరి వాకిట్లో ఆగుతోంది? నిప్పంటుకుంటే గాలి దానిని ఎటు తీసుకుపోతుంది? తీగలు, గోడలు, పాత చెట్ల కొమ్మలు ఎవరి మీద పడతాయి? గుంతలూ బావులూ ఒక మూడేళ్ల పిల్లవాడికి అందేలా ఉన్నాయా? రాత్రి పదింటి తర్వాత ఇక్కడ ఏది మోగుతోంది? పక్కింటివారు తమ పెరట్లో నిశ్చింతగా మసలగలుగుతున్నారా? దొరికిన లోపాల్లో ప్రాణాపాయం ఉన్నదాన్ని ఆ వారంలోనే, మిగతావాటిని ఆ కాలంలోనే సరిచేసి, చేసిన సంగతిని ఇరుగుపొరుగులకు చెప్పాలి. చెప్పడం వల్ల వారు కూడా తమ హద్దును చూసుకోవడానికి ముందుకు వస్తారు.

ఇదంతా చేసినందువల్ల యజమాని స్వేచ్ఛ తగ్గదు. గొడ్లను పెంచుకునేవాడు పెంచుకుంటూనే ఉంటాడు, పెళ్లి చేసేవాడు ఘనంగానే చేస్తాడు, మేడ కట్టేవాడు కడుతూనే ఉంటాడు. ఆ పనులకు పొరుగున శత్రువు లేకపోవడం అదనంగా లభిస్తుంది. ఎక్కువ స్థలం, పెద్ద యంత్రాలు, ఎక్కువ పలుకుబడి ఉన్న ఇంటి నుంచి హద్దు దాటి పోయేవి కూడా ఎక్కువగానే ఉంటాయి కాబట్టి, ఈ పనిలో మొదటి అడుగు వేయవలసిన బాధ్యత ఊరిలోని పెద్ద ఇళ్లదే.